దాలమ్మ పిడికెడు

తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, వానకి పళ్లుండే కాలంలో, ఒక ఊళ్లో దాలమ్మ అనే ముసలిది ఉండేది. కామందు కొట్టంలో వడ్లు దంచడం ఆమె పని. ఆమె రోకలి వేస్తే, ఆ అదురుకి మూడూళ్ల అవతల పాలు తోడుకునేవి కావు!

బియ్యం కామందు గాదెకి పోయేవి. ఊక ఆయన పెరట్లో పడేది. ఆ ఊకగుట్ట ఎంతంటే, కొంగలు ఒక్క ఊపున దాటలేక నడుమ దిగి అలుపు తీర్చుకునేవి.

ఒక ఏడు ముసురు పట్టింది. మూడు నెలలు వదల్లేదు. పుల్ల లేదు, పిడక లేదు. ఊరంతా నానబెట్టిన బియ్యం నమిలింది. దాలమ్మకి పళ్లు లేవు. వేడి గంజి పడకపోతే ఆమె ప్రాణం నిలవదు.

గుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పొడి ఊక తీసింది. కుండలో పోసి అంటించింది. పొగ. అదిమి అంటించింది. ఇంకా పొగ.

"ఏటి దాలత్తా, పొగ వండుతున్నావేటి?" అంది పక్కింటి గవరమ్మ.

"ఆఁ, నీ మాటలు నంజుకుని తిందాం, రాయే!"

మూడోసారి కుండ అడుగున పక్కగా బొక్క పెట్టింది. నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక కూరి, రోకలిని మెల్లగా లాగేసింది. నడుమ దారి మిగిలింది. కింద నిప్పు పెట్టింది. మంట లేచిందీ... ఆ సెగకి చందమామ రెండు బారలు వెనక్కి జరిగి కూర్చున్నాడు!

"నిప్పుకి దారి వదలండర్రా, అంతే," అని ఇల్లిల్లూ తిరిగి నేర్పింది. ఊరంతా గంజి కాగింది.

కామందు చూశాడు. గుట్ట చుట్టూ తడిక కట్టించాడు.

"ఇన్నాళ్లూ చెత్త, పట్టుకుపొమ్మన్నారు కదా బాబూ?" అంది దాలమ్మ.

"చెత్త పట్టుకుపొమ్మన్నాను. మంట పట్టుకుపొమ్మన్నానా? రోజంతా దంచు, గంపెడు ఇస్తా."

మరుసటి ముసురుకి దాలమ్మ రెక్కలు పడిపోయాయి. రోకలి లేవలేదు, గంప రాలేదు. వెళ్లి గవరమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"పిడికెడు ఊక పెట్టవే."

"రేపు రా అత్తా."

రెండో ఇంటికి వెళ్లింది. "రేపు రా అత్తా." మూడో ఇంట్లో తలుపు చాటు నుంచి, "రేపు రా అత్తా." మూడిళ్లలోనూ ఆమె నేర్పిన పొయ్యే మండుతోంది.

నాలుగో రోజు చూస్తే దాలమ్మ బిగుసుకుపోయి ఉంది. ఎదురుగా నానిన బియ్యం. ఖాళీ కుండ నడుమ రోకలి నిలబెట్టే ఉంది.

చితికి పేర్చిన తడి కట్టెలు అంటుకోలేదు. అప్పుడు కామందు తడిక తీయించాడు. మూడు బళ్ల ఊక! బతికుండగా పిడికెడు దొరకనిదానికి మూడు బళ్ల ఊక! తొందరలో ఆమె మీద కూరేశారు. దారి వదలడం మరిచారు. మూడు పగళ్లు పొగ. ఊళ్లో ప్రతి కంటా నీళ్లే. దాలమ్మ కోసం ఊరంతా ఏడ్చిందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

పొగకి కారాయి.

ఆ ఊళ్లో నేటికీ ఊకపొయ్యి కూరి రోకలి లాగేటప్పుడు "దాలమ్మకి దారి" అంటారు. లేనివాళ్లు పట్టుకుపోవడానికని గుమ్మంలో పిడికెడు ఊక పెడతారు. పొయ్యి ఆరేలోగా దాన్ని ఎత్తి, మళ్లీ తమ గంపలోనే పోసుకుంటారు.