ఎర్రకారుకి మెరుగు

అనగనగా లక్కబొమ్మలు చేసే ఊరొకటుంది బుజ్జీ. ఆ ఊళ్ళో అప్పలాచారి అని బొమ్మలకి రంగు పట్టించే పెద్దాయన ఉండేవాడు. ఆయన కూతురు వరహాలు. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ కార్లు తోలి తోలి, చివరికి సొంతంగా ఒక ఎర్రకారు కొనుక్కుంది.

శుక్రవారం పొద్దున్నే పెళ్ళికూతుర్ని మండపానికి తీసుకెళ్ళాలి. అదే మొదటి బేరం. "కారు నిగనిగలాడాలి. మచ్చ కనిపిస్తే వేరే బండి పిలుచుకుంటాం" అన్నారు పెళ్ళివారు. మొదటి బేరమే తప్పిపోతే తర్వాత ఎవరు పిలుస్తారు చెప్పు?

అందుకని వరహాలు మైనం డబ్బా కొంది. రంగు మీద పలచగా మైనం పూస్తే ఎండా, కాకిరెట్టా రంగుని తొందరగా పాడుచెయ్యవు. "సాయంత్రం నేనొచ్చి పూస్తాను. నువ్వు చెయ్యి పెట్టకు నాన్నా" అని, కారుకి కట్టే పూలు తేవడానికి గురువారం బస్సెక్కింది.

వద్దంటే ఊరుకునే మనిషా ఆయన? నలభై ఏళ్ళు రంగులతో ఆడిన చెయ్యాయె!

ముందు పొడిగుడ్డతో దుమ్ము తుడిచాడు. దుమ్ములో ఇసకుంటుంది కదా, సన్నటి గీతలు పడ్డాయి.

అప్పుడు ఆ గీతలు కప్పుదామని మైనం తీశాడు. లక్క వేడికి కరిగితేనే చెక్కని పట్టుకుంటుంది. మైనమూ అంతే అనుకున్నాడు పాపం. మిట్టమధ్యాహ్నం కారుని ఎండలో బాగా కాలనిచ్చి, దిట్టంగా పూశాడు. అది ఇట్టే ఎండి బిగుసుకుపోయింది. కారంతా సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు!

ఆ తర్వాత మొగలాకు తెచ్చాడు. లక్కబొమ్మలకి మెరుగు పెట్టేది దాంతోనే. కానీ ఆ గరుకాకుతో రుద్దితే కారు రంగు ఏం కావాలి? సరిగ్గా అప్పుడే వరహాలు వచ్చింది.

"నాన్నా, ఆగు! ఏటి చేసేసేవు?"

ఆచారి చేతిలో ఆకు జారిపోయింది. "నీ బేరం నేనే చెడగొట్టేసేనే తల్లీ" అని కూలబడ్డాడు.

వరహాలుకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడిస్తే మచ్చలు పోతాయా? పొద్దు వాలేదాకా ఆగింది. రేకు చల్లబడ్డాక నీళ్ళతో కడిగి, మచ్చల మీద మెత్తటి గుడ్డతో మళ్ళీ మైనం రాసింది. బిగిసిన మైనం మెత్తబడింది గానీ, కంగారులో దిట్టంగా రాసేస్తోంది. తుడిస్తే చారలు మిగిలిపోతున్నాయి.

ఆచారికి ఉండబట్టలేదు. "అంతెందుకమ్మా? పూత పలచగుంటేనే మెరుపు" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, గుడ్డ ఆయన చేతికిచ్చింది. గోరంత మైనం తీసి, జానెడు జాగాలో ఆయన గుండ్రంగా రాశాడు. వెనకే ఆమె తుడిచింది. అలా కారంతా పూసేసరికి దీపాల వేళైంది. మచ్చ ఒక్కటి లేదు, సన్నగీతలూ కనబడలేదు.

తెల్లారి దారిలో జల్లు పడింది. నీళ్ళు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి. పెళ్ళికూతురి తండ్రి కారు చుట్టూ తిరిగి చూసి, "ఏ షాపులో చేయించేవమ్మా ఈ మెరుగు?" అన్నాడు.

"షాపేటి బాబూ, మా నాన్న చెయ్యి" అంది వరహాలు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. ఆచారి నమ్మలేదు. ఆయన రంగు పట్టించిన వేల బొమ్మలు ఊళ్ళు దాటి వెళ్ళాయి గానీ, ఆ మెరుగు ఎవరిదని ఒక్కరూ అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి.

"తోలడం నాది, మెరుగు నీది నాన్నా" అంది వరహాలు. "కానీ పూత మాత్రం పొద్దు వాలేకే!"

కథేమో కంచికి,
కారేమో ఇంటికి,
బుజ్జేమో మంచానికి!