ముళ్ళపందులు మధ్యాహ్నం మేలుకున్నాయి

అనగనగా ఒక అడవి. ఏ అడవికైనా సింహమే రాజని మీరు వినే ఉంటారు. ఈ అడవికి మాత్రం సింహం లేదు. ఉన్న ఒక్కటీ ఎప్పుడో ముసలిదై చనిపోయింది. మళ్ళీ ఇంకొకరిని నెత్తిన పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. అందుకని జంతువులన్నీ కలిసి ఒక సభ పెట్టుకున్నాయి.

నెలకొక్కసారి, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు, సూర్యుడు నడినెత్తికి రాగానే అందరూ వాగు ఒడ్డున నల్లబండ దగ్గర చేరేవారు. జుంటయ్య అనే ముసలి ఎలుగుబంటి సభకు పెద్ద. ఒక మాట తేలాలంటే, ఔనన్నవాళ్ళు బండకు కుడివైపు నిలబడాలి, కాదన్నవాళ్ళు ఎడమవైపు నిలబడాలి. ఎటు తలలు ఎక్కువుంటే అదే చట్టం.

ఆ అడవిలో తుమ్మమ్మ అని ఒక ముళ్ళపంది ఉండేది. వాళ్ళ వంశంలో అందరికీ ముళ్ళచెట్ల పేర్లే. వాళ్ళన్న పేరు రేగన్న. కూతురి పేరు పల్లేరు. అందరూ కలిసి పదకొండు మంది, ఒకే గుట్ట కింద బొరియల్లో కాపురం. ముళ్ళపందులు పగలంతా పడుకుంటాయి, పొద్దుగూకితే లేస్తాయి. మరి సభేమో మిట్టమధ్యాహ్నం. అందుకని వాళ్ళ తాతల కాలం నుంచీ ఒక్క ముళ్ళపందైనా సభ మొహం చూసిన పాపాన పోలేదు. అడిగితే, అది పగటివాళ్ళ గోల, మనకెందుకు అనేవారు.

ఒక సాయంత్రం నిద్ర లేచేసరికి బొరియ బయట ఇద్దరు పందికొక్కులు నిలబడి ఉన్నారు. సభలో కొత్త చట్టం వచ్చిందట. నాలుగు నెలలకొకసారి ముళ్ళపందుల ముళ్ళన్నీ మొదలంటా కొరికేయాలట. పళ్ళు గట్టివని ఆ పని పందికొక్కులకు అప్పజెప్పారట. ఎందుకంటే, చుక్కలమ్మ అనే దుప్పి కూనకి ఒక కంట్లో ముల్లు దిగి ఆ కన్ను పోయింది. ముళ్ళపందులు బాణాలు వేసినట్టు ముళ్ళు విసురుతాయని కొండముచ్చులు అడవంతా చెప్పాయి. అందరూ హడలిపోయారు.

ఆ సాయంత్రమే పదిమంది ముళ్ళూ కొరికేశారు. పల్లేరు అప్పటికి పుట్టి పదిహేను రోజులు. దాని ముళ్ళు గడ్డిపరకల్లా మెత్తగా ఉన్నాయి. వచ్చే విడతలో చూద్దామని వదిలేశారు.

వారం తిరక్కుండా అవతలి కొండ మీది చిరుత వచ్చింది. ముళ్ళుంటే అది ఆ గుట్ట వైపు తొంగి కూడా చూసేది కాదు. ఈసారి పల్లేరు వాళ్ళ నాన్నను నోట కరుచుకుని పోయింది. తుమ్మమ్మ ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇక నాలుగు నెలల్లో నా బిడ్డ ముళ్ళు కూడా కొరుకుతారు కదా అనుకుంది. అప్పటి నుంచి దానికి నిద్ర పట్టలేదు.

బొరియలో మాత్రం మాటలకేం తక్కువ లేదు. "ఈ చట్టాన్ని నేను మన్నించను" అని రేగన్న రోజూ గర్జించేవాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అదే తీరు. పందికొక్కు అలికిడి వినబడితే చాలు, బొరియ లోపలి మూలకు పోయి నక్కేవాడు. ఒకడు వేరే అడవికి పారిపోదామన్నాడు. ఇంకొకడు పందికొక్కులకు దుంపలు పెట్టి మంచి చేసుకుందామన్నాడు. ఈ మాటల్లోనే ఒక నెల సభ దాటిపోయింది.

తుమ్మమ్మ అన్నీ విని, "అన్నయ్యా, చట్టం పుట్టింది సభలో. పోవాలన్నా సభలోనే పోవాలి. నేను వెళ్తాను" అంది.

రేగన్న నవ్వాడు. పగలు మేలుకుంటే ముళ్ళపందికి తిక్క పుడుతుందని వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. అయినా తుమ్మమ్మ వెళ్ళింది.

వెళ్ళింది గానీ ఏం లాభం? ఎండ మండిపోతోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. సభలో ముందు అడవిపందుల బురదగుంట తగువు వచ్చింది. తర్వాత నెమళ్ళ గింజల తగువు వచ్చింది. అవి తేలేలోపు ఒక్క క్షణం కళ్ళు మూసుకుందామని తుమ్మమ్మ చల్లగా ఉన్న పొద కిందికి దూరింది. కళ్ళు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. సభ అయిపోయింది. బండ మీద జుంటయ్య ఒక్కడే కూర్చుని వీపు గోక్కుంటున్నాడు.

తుమ్మమ్మకు ఏడుపొచ్చింది. వచ్చిన పని చెప్పుకుంది. మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా చట్టం ఎలా చేశారని నిలదీసింది.

జుంటయ్య తాపీగా అన్నాడు. "అడిగాం తల్లీ. బండ మీద నుంచి మూడుసార్లు పిలిచాను. మీలో ఒక్కరూ రాలేదు. ఆ రోజు చట్టం కావాలని ముప్పై మంది నిలబడ్డారు, వద్దని పాతికమంది నిలబడ్డారు. రానివాళ్ళకు సభ ఏం చేసినా సమ్మతమేనని మన ఆచారం. మీ తలలు కూడా చట్టం వైపే కలిపాం."

తన ముళ్ళు కొరకమని తనే ఒప్పుకున్నట్టయింది. పెద్దవాళ్ళు పదిమందీ ఆ మధ్యాహ్నం నాలుగడుగులు వేసి వచ్చి ఎడమవైపు నిలబడి ఉంటే చట్టమే పుట్టేది కాదు. బొరియకు వెళ్ళి ఆ మాట చెప్పింది. ఆ రాత్రి రేగన్న గర్జించలేదు.

మరుసటి నెల తుమ్మమ్మ జాగ్రత్త పడింది. నిద్ర రాకుండా నేలవేము ఆకు నములుతూ వెళ్ళింది. అది నమిలితే నిద్రేమిటి, నాలుగు రోజుల దాకా నోరే తీపి ఎరగదు. తన వంతు రాగానే బండెక్కి గట్టిగా మాట్లాడింది. ముళ్ళు మాకు పుట్టుకతో వచ్చాయంది. మేం ముళ్ళు విసరం, అది కొండముచ్చుల కోతలంది. పులికి గోళ్ళు కొరికారా, ఏనుగుకు దంతాలు కొరికారా, మా మీదే ఎందుకింత కక్ష అని అడిగింది. చెప్పిందంతా నిజమే. కొందరు తలలు కూడా ఊపారు.

అప్పుడు చుక్కలమ్మ లేచింది. పక్కన దాని కూన ఉంది, పేరు బొట్టు. ఎడమ కన్ను ఉండాల్సిన చోట మూసుకుపోయిన చర్మం ఉంది.

"నీ ముళ్ళ సంగతి చెప్పావు, బాగుంది. నా బిడ్డ కన్ను పోయి మూడు నెలలు దాటింది. మీ గుట్ట నుంచి ఒక్కరైనా వచ్చి, బిడ్డ ఎలా ఉందని అడిగారా?" అంది.

నిజంగానే ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళాలని తట్టను కూడా లేదు. జుంటయ్య తలలు లెక్కపెట్టాడు. మొదట్లో చట్టం వద్దని నిలబడ్డ అడవిపందులు కూడా ఈసారి చట్టం ఉండాలన్నవాళ్ళ వైపు పోయి నిలబడ్డాయి. తుమ్మమ్మ పక్కన మిగిలింది ఎనిమిది మందే.

ఇక ఒక్క సభే మిగిలింది. ఆ సభ మర్నాడే పందికొక్కులు వచ్చే రోజు. పల్లేరు ముళ్ళు అప్పటికి గట్టిపడి, నల్లగా తెల్లగా నిగనిగలాడుతున్నాయి. అవి చూసుకుని పల్లేరు మురిసిపోయేది. తుమ్మమ్మ మాత్రం వాటిని చూసినప్పుడల్లా మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేది.

ఏమర్రా, మీరైతే ఏం చేసేవాళ్ళు? ఇంకా గట్టిగా అరిచేవాళ్ళా? తుమ్మమ్మ అలా చేయలేదు. మర్నాడు పొద్దున్నే, పడుకోవాల్సిన వేళ, చుక్కలమ్మ ఉండే వెదురు పొదల దగ్గరికి వెళ్ళింది. దుప్పి మొహం తిప్పుకుంది. తుమ్మమ్మ దూరంగా కూర్చుని, బిడ్డ ఎలా ఉందమ్మా అని అడిగింది. ఆలస్యంగా అడిగినందుకు తప్పు ఒప్పుకుంది. చుక్కలమ్మ బిడ్డను తీసుకుని పొదల్లోకి వెళ్ళిపోయింది. రెండో రోజు మళ్ళీ వెళ్ళింది. ఆ రోజూ అంతే. మూడో రోజు బొట్టే వచ్చి తుమ్మమ్మను వాసన చూసింది. అప్పుడు చుక్కలమ్మ కూర్చుని, జరిగిందంతా చెప్పుకుంది.

ఆ రోజు మునిమాపు వేళ వాగు దారిలో వస్తున్నారట. బొట్టు ముందు గెంతుతోంది. ఎదురుగా ఎవరో ముళ్ళపంది చడీచప్పుడు లేకుండా వస్తోంది. బొట్టు మలుపు తిరిగి దాని మీదికే పోయింది. అది బెదిరి అటు తిరిగి, ముళ్ళు నిక్కబొడిచి వెనక్కి నడుస్తూ బొట్టు మీదికి వచ్చింది. అంతే.

"కావాలని చేయలేదని నాకూ తెలుసు వదినా" అంది చుక్కలమ్మ. "వస్తున్న అలికిడి నాకు తెలిసి ఉంటే బిడ్డను పక్కకు లాక్కునేదాన్ని. అదే నా బాధ."

తుమ్మమ్మ తలెత్తింది. పిల్లలూ, ముళ్ళపంది తోక చివర బోలు ముళ్ళు కొన్ని ఉంటాయి. తోక ఆడిస్తే అవి గలగలమంటాయి. కోపం వస్తే తప్ప ముళ్ళపందులు వాటిని ఆడించవు. మామూలుగా నడిచేటప్పుడు ఆడిస్తే ఎవరు కాదన్నారు? తుమ్మమ్మ లేచి వెనక్కి తిరిగి తోక ఆడించింది. చట్టం వల్ల మిగతా ముళ్ళతో పాటు అవి కూడా పోయాయి కదా, కొత్తగా మొలిచిన మొలకలు చిన్నగా టిక్కుటిక్కుమన్నాయి. దానికే బొట్టు చెవులు రిక్కించి రెండడుగులు వెనక్కి వేసింది. చుక్కలమ్మ బిడ్డను దగ్గరికి తీసుకుని, ఇంకోసారి ఆడించమంది.

అక్కడి నుంచి తుమ్మమ్మ గుట్టకు వచ్చి అందరినీ కూర్చోబెట్టింది. అడగందే అమ్మైనా పెట్టదు, మన తలలు మనం తీసుకుపోకపోతే మన తరఫున ఎవరు నిలబడతారంది. వాగు దారిలో తోక ఆడిస్తూ నడవాలని కూడా చెప్పింది. అది మాత్రం రేగన్నకు నచ్చలేదు. తప్పు చేసినవాళ్ళలా గంట కట్టుకుని తిరగాలా అన్నాడు.

"పల్లేరు ముళ్ళు ముఖ్యమా, మన పంతం ముఖ్యమా?" అంది తుమ్మమ్మ. రేగన్న మేనకోడలి వైపు చూశాడు. తోక ఒకసారి ఆడించి చూశాడు.

తర్వాత ఆమె రాత్రి తిరిగేవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది. ఒంటి నిండా పొలుసులుండే అలుగుల దగ్గరికి వెళ్ళింది, గుడ్లగూబల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళూ ఏనాడూ సభకు పోనివాళ్ళే. ఇవాళ మా ముళ్ళు, రేపు మీ పొలుసులు అనడానికి నోటిదాకా వచ్చింది. భయపెట్టి తీసుకుపోయినవాళ్ళు భయం తీరగానే వెళ్ళిపోతారని మానుకుంది. జరిగింది జరిగినట్టు చెప్పి, వినడానికి రండి, మీకు సబబనిపిస్తేనే నిలబడండి అని మాత్రం అడిగింది.

ఆఖరి సభ రోజు రానే వచ్చింది. ఆ రోజు నల్లబండ దగ్గరికి వచ్చినవాళ్ళందరూ వాగులోకి చూసి ఆగిపోయారు. తొమ్మిది మంది ముళ్ళపందులు బొడ్డులోతు చల్లటి నీళ్ళలో వరసగా కూర్చున్నారు. నిద్ర రాకుండా ఉండడానికి రేగన్న వేసిన ఎత్తు అది. అందరికంటే ముందు నీళ్ళలో దిగింది కూడా అతనే. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా బయటికి రాలేదు. గుడ్లగూబలు చెట్టు మీద ఒకదాన్నొకటి పొడుచుకుంటూ మేలుకుని ఉన్నాయి.

తుమ్మమ్మ బండెక్కింది. ఈసారి గొంతు పెంచలేదు. మా వల్ల ఒక బిడ్డ కన్ను పోయింది, మేం వెళ్ళి అడగలేదు, అది మా తప్పు అంది. ముళ్ళు లేక నా ఇంటాయన పోయాడు, రేపు నా బిడ్డ ముళ్ళు పోతాయి, అది నా భయం అంది. చివరికి తాము కోరేది చెప్పింది. ముళ్ళు కొరికే చట్టం తీసేయండి. బదులుగా అందరూ నడిచే దారిలో ముళ్ళపంది తోక ఆడిస్తూనే నడవాలి. అలా నడవనివాణ్ణి సభకు పిలిచి అడగండి.

కొండముచ్చు ఒకటి లేచి ఇదంతా నాటకమంది. మాట తప్పితే ఎవరు పూచీ అని ఒక కుందేలు అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. మాట తప్పితే ఇదే బండ దగ్గర మళ్ళీ చట్టం చేయవచ్చు, మేమూ వచ్చి ఇక్కడే నిలబడతామని తుమ్మమ్మ చెప్పింది.

జుంటయ్య అందరినీ నిలబడమన్నాడు. ముళ్ళపందులు నీళ్ళోడుతూ వచ్చి కుడివైపు నిలబడ్డారు. అలుగులు వచ్చారు. గుడ్లగూబలు వాలారు. ఎదురువైపు వరస ఇంకా బారుగా ఉంది. అప్పుడు చుక్కలమ్మ నడిచింది. సభంతా చూస్తుండగా, బొట్టును వెంటబెట్టుకుని, తిన్నగా వచ్చి తుమ్మమ్మ పక్కన నిలబడింది. దాని వెనకే దుప్పులన్నీ వచ్చాయి. వాళ్ళను చూసి అడవిపందులు వచ్చాయి. కుందేళ్ళలో సగం వచ్చాయి. మిగతా సగం రాలేదు, వాళ్ళ భయం వాళ్ళది.

జుంటయ్య ఒకసారి లెక్కపెట్టాడు. ఎందుకైనా మంచిదని రెండోసారి కూడా లెక్కపెట్టాడు. కుడివైపు ఎనిమిది తలలు ఎక్కువ. "ముళ్ళు కొరికే చట్టం పోయింది" అన్నాడు.

తుమ్మమ్మ ఆ మాట విని వెంటనే నమ్మలేకపోయింది. పక్కనున్న చుక్కలమ్మను నిజమేనా అని అడిగింది. నిజమే వదినా అని చుక్కలమ్మ చెప్పాక గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. నాలుగు నెలలుగా మెడ మీద ఉన్న బండరాయి దించినట్టయింది. అక్కడే కూర్చుని హాయిగా, సిగ్గుపడకుండా ఏడ్చింది. రేగన్న కూడా ఏడ్చాడు. అడిగితే, వాగు నీళ్ళు కళ్ళలో పడ్డాయన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి పల్లేరు బొరియ గుమ్మంలోనే కూర్చుని ఉంది. దానికి అంతా తెలుసు, పిల్లలకు తెలియదనుకుంటాం గానీ.

"అమ్మా, రేపు పందికొక్కులు వస్తారా?" అని అడిగింది.

"రారు తల్లీ" అంది తుమ్మమ్మ.

"ఎల్లుండి?"

"ఎల్లుండీ రారు."

పల్లేరు ఒళ్ళంతా ఒకసారి దులుపుకుని, వెళ్ళి పడుకుంది. తల్లి దాని ముళ్ళు ఒక్కొక్కటీ మూతితో తడిమి చూసి, అప్పుడు తనూ పడుకుంది.

మరుసటి నెల సభలో ముళ్ళపందుల ఊసే లేదు. కొంగల గూళ్ళ తగువొకటి ఉంది, అంతే. ఇంక మనకేం పని అని కొందరు అన్నారు. మధ్యాహ్నం కావస్తుండగా రేగన్న అందరినీ నిద్ర లేపాడు. పదిమందీ తోకలు ఆడించుకుంటూ నల్లబండకు బయల్దేరారు.

నీతి: నచ్చని చట్టాన్ని ఇంట్లో కూర్చుని తిడితే అది మారదు. సభకు వెళ్ళి నిలబడాలి. నీ గోడు చెప్పే ముందు ఎదుటివాడి గాయం చూడాలి. అప్పుడే నీ పక్కన నలుగురు నిలబడతారు.