పక్కకి తిరిగి కూర్చున్న మసిపాప

ఒకప్పుడు, లోహాలకీ బొగ్గుకీ ఇంకా నోళ్లున్న రోజుల్లో, అందరి ఒంట్లోనూ ఎలక్ట్రాన్లనే బొంగరాలు గిర్రున తిరుగుతుండేవి. ఇప్పుడూ తిరుగుతున్నాయి లెండి, మన కంటికి ఆనవు, అంతే.

వాగు గట్టు మీద బొగ్గువాళ్ల ఇల్లు. ఆ ఇంటికో పట్టింపు. ఏ బొంగరమూ ఒంటిగా ఉండకూడదు. రెండేసి ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకి తిరగాలి.

పాపం, ఆ ఇంటి పిల్ల మసిపాపకి ఒక బొంగరం జత లేకుండా మిగిలింది. అందుకని ఊరంతా ఆమెను రాడికల్ పిల్ల, అంటే జతలేని పిల్ల, అని ఏడిపించేది. వాళ్లవ్వ బొగ్గమ్మకి అదే బెంగ.

వాగు మధ్య ఇసుకదిబ్బ మీద రాగివాళ్ల అబ్బాయి రాగన్న ఉండేవాడు. అతనికీ ఒంటి బొంగరమే. ఇంకేం, ఇద్దరికీ భలే స్నేహం కుదిరింది.

ఒకరోజు ఇద్దరూ దిబ్బ మీద ఆడుకుంటుంటే వాగు పొంగింది. గట్టు మీదున్న అయస్కాంతమ్మ గొంతెత్తి పిలిచింది. ఒంటి బొంగరం ఉన్నవాళ్లకే ఆ పిలుపు వినపడుతుంది. వినపడితే చాలు, ఒళ్లు అటు జరుగుతుంది. వీళ్లూ జరిగారు, కానీ జానెడే. నీళ్లేమో మోకాళ్ల దాకా వచ్చేశాయి.

"రాగన్నా, చేతులు పట్టుకుందాం. ఇద్దరం కలిస్తే బలం కదా" అంది మసిపాప.

అని, ఇంటి అలవాటు కొద్దీ అతనికి ఎదురుగా కూర్చుంది. అంతే, ఒక బొంగరం కుడికీ ఒకటి ఎడమకీ తిరిగి, ఒకదాని బలాన్ని ఒకటి మింగేశాయి. అయస్కాంతమ్మ గొంతు ఇద్దరికీ వినపడడం మానేసింది.

"పాపా, పిలుపు ఆగిపోయిందేం?" అన్నాడు రాగన్న. అతనికి నిజంగా భయం వేసింది.

నీళ్లు నడుం దాకా వచ్చాయి. ఇద్దరూ పక్కనున్న బండ చీలికలోకి ఎక్కారు. అది మరీ ఇరుకు. ఎదురుగా కూర్చునే చోటు లేక, మసిపాప చెయ్యి వదలకుండానే అడ్డంగా తిరిగి కూర్చుంది.

ఇప్పుడు బొంగరాలు ఒకదానికొకటి అడ్డం రాలేదు. రెండూ ఒకే వైపు తిరిగాయి. అయస్కాంతమ్మ పిలుపు డప్పు కొట్టినట్టు వినపడింది. ఇద్దరూ నీళ్ల మీద జర్రున జారి గట్టెక్కారు.

బొగ్గమ్మ పరుగెత్తుకొచ్చింది. "అలా అడ్డంగా కూర్చోవడమేమిటే? మన ఇంటా వంటా ఉందా?" అని కసిరింది.

"ఎదురుగానే కూర్చునుంటే ఈపాటికి నీకు మనవరాలు ఉండేది కాదు అవ్వా" అంది మసిపాప.

బొగ్గమ్మ కొంగుతో మనవరాలి తల తుడిచి, తర్వాత రాగన్న తల కూడా తుడిచింది.

అప్పటినుంచే రాగీ రాడికలూ ఎదురెదురుగా అతుక్కుంటే అయస్కాంతం ఎంత పిలిచినా పలకవు. అడ్డంగా తిరిగి చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే మాత్రం, విడివిడిగా ఉన్నప్పటికంటే గట్టిగా అటు జరుగుతాయి.