బాతక్క ఇంటి బల్బు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఇంటింటికీ కప్పు మీద సోలార్ పలకలే! అందరికీ కలిపి ఒకటే కరెంటు తీగ. తీగ మొదట్లో ఎలుగుబంటి మామ ఇల్లు. చిట్టచివర, వాగు ఒడ్డున, బాతక్క ఇల్లు.

బాతక్క కాలికి దెబ్బ తగిలింది. గుడ్ల మీద కూర్చోలేకపోతోంది. అందుకని బల్బు పెట్టిన పెట్టెలో గుడ్లు పొదిగిస్తోంది. బయట చూస్తే వణికించే చలిగాలి.

మిట్టమధ్యాహ్నం అన్ని కప్పుల కరెంటూ ఒక్కసారే తీగలోకి ఎగబడేది. వోల్టేజి పెరిగిపోయేది. అప్పుడు ఎవరింట్లో దీపం మరీ మండితే వాళ్ళే తమ పలకల మీద ఎండ పడకుండా గోనెపట్టా కప్పుకోవాలని కట్టుబాటు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ రోజూ మండేది చివరింటి దీపమే.

మొదటిరోజు బాతక్క సగం పలకలు కప్పింది. రెండోరోజు అన్నీ కప్పేసింది. మూడోరోజు, అన్నీ కప్పి ఉన్నా సరే, పెట్టెలో బల్బు ఠప్పున పేలిపోయింది.

"అయ్యో, నా పిల్లలు!" అని బాతక్క గొల్లుమంది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. తీగల బాగోగులు చూసే ముంగిస తన సంచి వెతికింది.

"ఇంకొక్క బల్బే ఉంది. ఇదీ పేలితే గుడ్లు దక్కవు. మనందరి కరెంటూ కలిసి ఈ ఇంటి మీద పడుతోంది. అందరం తలా కొంత కప్పాలి" అంది.

"మా ఇంట్లో దీపం బాగానే ఉందిగా! నా కప్పు, నా ఎండ. నేనెందుకు కప్పాలి?" అన్నాడు ఎలుగుబంటి. అడవిలో అందరికంటే పెద్ద కప్పు ఆయనదే. చాలాసేపు వాదించాడు. పెట్టె చల్లబడుతూనే ఉంది.

ముంగిసకు ఒళ్ళు మండింది. "ఈ గుడ్డుకు చెవి ఆనించి విను మామా" అంది.

లోపల టక్, టక్. కాసేపటికి, టక్. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

ఎలుగుబంటి దిగ్గున లేచాడు. గోనెపట్టా కోసం ఇంటికి పరుగు తీశాడు.

"అందరూ నాలుగో వంతు కప్పండి! పెద్ద కప్పుకు పెద్ద పట్టా, చిన్న కప్పుకు చిన్న పట్టా!" అని ముంగిస కేకేసింది. బాతక్క పలకల మీదా నాలుగో వంతుకే పట్టా ఉంచి, మిగతావి తీసేసింది.

కొత్త బల్బు పెట్టారు. బల్బు రెపరెపలాడి, నిలకడగా వెలిగింది.

సాయంత్రానికి గుడ్లు చిట్లి పసుపుపచ్చని పిల్లలు బయటికొచ్చాయి. ఒక్క గుడ్డు మాత్రం చిట్లలేదు. ఎలుగుబంటి చెవి ఆనించిన గుడ్డు అది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి, ఎవరూ అడక్కముందే, మొదటి గోనెపట్టా ఎలుగుబంటి ఇంటి మీదే పడేది.

నీతి: అందరి వల్ల వచ్చిన ఇబ్బందిని ఒక్కరి నెత్తిన రుద్దకూడదు. ఎవరికి తగ్గట్టు వాళ్ళు తలా కొంత తగ్గించుకోవాలి.