ఒక్క కొత్త చక్రం

"కొమ్మనా! ఓయ్ కొమ్మనా! ఎక్కడున్నావయ్యా? రథం మళ్లీ అడ్డం తిరిగింది!"

రాజుగారి కేక కోటంతా చుట్టి వచ్చింది. చమత్కారానికి పేరుపడ్డ ఆస్థాన ఉద్యోగి కొమ్మన పరుగున వచ్చి చూస్తే, మంచుకోన మహారాజు చంద్రకేతుడు రథంలో ఒక పక్కకి ఒరిగిపోయి కూర్చుని ఉన్నాడు. కిరీటం చెవి మీదికి జారింది.

మంచుకోన చలి రాజ్యం. శీతాకాలం వస్తే అక్కడి దారులు వెన్నెల గడ్డకట్టినట్టు మెరుస్తాయి. చూడ్డానికి ఎంత అందమో, నడవడానికి అంత ప్రమాదం. అందుకే రాజరథానికి చలికాలపు చక్రాలు వేరే ఉన్నాయి. వాటి చుట్టూ ఇనుప ముళ్లు. ఏ ఒక్కటీ జారిపోకుండా నాలుగింటినీ గొలుసులతో కలిపి కట్టారు. ఒకటి ఎంత తిరిగితే మిగతావీ అంతే తిరగాలి, చేతులు పట్టుకుని నడిచే నలుగురు అక్కచెల్లెళ్లలాగ.

ఆ నలుగురిలో ఒకటి మొన్న విరిగింది, రాయి తగిలిందట.

అదీ ఎప్పుడు? మహారాణి వకుళాదేవి అలిగి కొండ అవతలి పుట్టింటికి వెళ్లిపోయాక! తను వీణ వాయిస్తుంటే రాజు గురక పెట్టాడని ఆమె. అబ్బే, తన్మయత్వంతో కళ్లు మూసుకున్నానని ఈయన. కనుమ దారి మంచుతో మూసుకుపోయేలోగా ఆమెను తీసుకురాకపోతే, వసంతం దాకా ఆమె అక్కడ, ఈయన ఇక్కడ.

"చక్రం విరక్కపోతే ఈపాటికి ఆమె ఎదుట ఉండేవాణ్ణి!" అని రాజు కిటికీ దగ్గర నిలబడి ఒకటే నిట్టూర్పులు. అంత దిగులులోనూ పొద్దున రెండు గిన్నెల పాయసం తాగాడు.

రథశాల అధికారి దండపాణి వెంటనే కొత్త చక్రం చేయించాడు. ముళ్లకి బంగారు పూత కూడా వేయించాడు. మనిషి పొట్టి, గొప్పలు పొడుగు. ఎత్తు పావుకోళ్లు వేసుకుని టకటకమని నడుస్తాడు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పాత చక్రాలు మూడూ తిరిగి తిరిగి అరిగాయి. కొత్తది వాటికంటే బెత్తెడు ఎత్తు. రథం కదిలితే చాలు, గొలుసులు తెగుతున్నాయి.

"గుర్రాలకి బుద్ధి లేదు ప్రభూ," అన్నాడు దండపాణి.

"నిన్న దారి వంకర అన్నావు?"

"నిన్న దారి ప్రభూ. ఇవాళ గుర్రాలు."

కొమ్మన అన్నాడు: "దండపాణిగారూ, కొత్తదాన్ని కాస్త చెక్కించి మిగతావాటంత చేస్తే సరిపోదూ?"

దండపాణి చెవులు మూసుకున్నాడు. "శివశివ! బంగారు చక్రాన్ని చెక్కడమా? విరిగింది ఒకటి, మార్చింది ఒకటి. కొత్తది గొప్పగా ఉండటం తప్పా? కాదంటే మిగతా మూడూ కొత్తవే చేయిస్తా. వసంతానికి సిద్ధం."

"వసంతానికా! సరేలే, ఏం చేస్తాం," అన్నాడు రాజు.

అంత తొందరగా సరే అనేసరికి కొమ్మనకి వింతగా తోచింది. మూలపడ్డ విరిగిన చక్రం దగ్గరికి వెళ్లి, నడిమి నుంచి అంచుకి పోయే దాని ఆకుల్ని వేలితో తడిమి చూశాడు.

మర్నాడు సభ ముగిసి, రాజుతో సహా అందరూ బయటికి వచ్చారు. దండపాణి వాకిట్లో విడిచిన పావుకోళ్లు తొడుక్కుని అడుగు వేశాడు. టక్... ధడ్! టక్... ధడ్! పడవలా ఊగుతూ స్తంభం పట్టుకున్నాడు.

"ఎవడ్రా నా కుడి పావుకోడు మార్చింది?"

"నేనేనండీ," అని కొమ్మన ముందుకొచ్చాడు. "చూడక తొక్కాను, పగిలింది. పగిలింది ఒకటే కాబట్టి ఒకటే చేయించాను. బంగారు పూత కూడాను. ఎలా ఉంది?"

"ఎలా ఉందా? నడుం పట్టేసింది! ఎడమది అరిగిపోయి ఉంటే ఇది బెత్తెడు ఎత్తు!"

"కొత్తది గొప్పగా ఉండటం తప్పాండీ? వాకిలి వంకరేమో చూడండి."

"వాకిలి కాదు!"

"అయితే కాళ్లకి బుద్ధి లేదేమో."

"ఏమన్నావ్?"

"కోప్పడకండి. ఎడమది కూడా కొత్తది చేయిస్తా. వసంతానికి సిద్ధం."

"అందాకా నన్ను కుంటమంటావా? చెక్కవయ్యా! ఆ కొత్తదాన్ని చెక్కి పాతదానంత చెయ్యి!"

కొమ్మన చేతులు కట్టుకుని రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, రథశాల అధికారి ఆజ్ఞ విన్నారుగా. వడ్రంగిని పిలవమంటారా?"

అందరూ గొల్లుమన్నారు. వడ్రంగి వచ్చి, కొత్త చక్రాన్ని పాతవాటంత అయ్యేలా చెక్కి, ముళ్లు తిరిగి దిగ్గొట్టాడు. రథం నీటి మీద హంసలా సాగింది.

రాజు ముఖం మాత్రం పాలిపోయింది.

"ఇవాళ దుర్ముహూర్తం కాదూ?"

"వెళ్లిపోయింది ప్రభూ."

"పాపం, గుర్రాలు అలిసిపోయి ఉంటాయి."

"మేసి మేసి ఒళ్లు చేశాయి ప్రభూ." కొమ్మన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రాయి తగిలి విరిగిన ఆకులు పేళ్లు పేళ్లుగా చీలతాయి. ఆ పాత చక్రానికి ఉన్నవి నున్నటి కత్తి గాట్లు. అంత పదునైన కత్తి ఈ రాజ్యంలో ఎవరి నడుముకి ఉందో నేను చెప్పడం బాగుండదు."

రాజు తన కత్తి వైపు చూసుకున్నాడు. దూరంగా కొండ మీద మంచు చూశాడు. ఒక్కసారిగా పైకే అనేశాడు.

"నేనే నరికాను! వెళితే ఆవిడ ముందు నిలబడి తప్పు నాదే అనాలి. ఆ మాట నా నోటికి రాదయ్యా!"

"ఇప్పుడొచ్చిందిగా ప్రభూ! ఇంతమంది విన్నారు. అక్కడ వినేది ఒక్కరే."

చుట్టూ ఉన్నవాళ్లంతా ఫక్కున నవ్వారు. కుంటుతూనే దండపాణి కూడా నవ్వాడు. రాజు మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేసి, రథమెక్కి కళ్లేలు అందుకున్నాడు. ఇంకా కోట గుమ్మం దాటకముందే ఆయన గొంతు, సాధన చేస్తున్నట్టుగా, అందరికీ వినబడింది:

"తప్పు నాదే వకుళా... తన్మయత్వం కాదు. నిద్రే పోయాను."