నురగ ఇల్లు

ఒకాయనకు శుభ్రం పిచ్చి. ఆయన ఇంట్లో ఒక గాజుతొట్టి, ఆ తొట్టిలో ఒక మగ ఫైటర్ చేప. దాని తోక నీలంగా, పట్టుకుచ్చులా ఉండేది. అదే తొట్టిలో, నీళ్ల మధ్య నిలబెట్టిన సీసాలో ఆడచేప. ఒకదాని కంటికి ఒకటి కనిపిస్తాయి, అంతే.

"మగది సిద్ధపడేదాకా ఆడదాన్ని వదలకండి, కొరికి చంపేస్తుంది. సిద్ధపడితే మీకే తెలుస్తుంది" అన్నాడు వాటిని అమ్మిన చేపల కొట్టతను. ఇక అప్పట్నుంచీ ఆయనకు ఎదురుచూపే పని. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లామూ తప్ప ఇంకో అలికిడి లేదు. చేపలకైనా పిల్లలు పుడితే చూడాలని ఆయన కోరిక.

రోజూ పొద్దున్నే చూస్తే తొట్టి మూల నీళ్ల మీద తెల్లగా నురగ. ఛీ, ఎక్కణ్ణుంచి వస్తుందీ మురికి! పాత టీ జాలీతో ఆ నురగ తీసి పారేసి, గాజు తళతళలాడేలా తుడిచేవాడు.

"పొరపాటున ఆ జాలీతో నాకు టీ వడకట్టేరు సుమా" అనేది భార్య.

ఆవిడకీ ఒక పని ఉంది. పాత నూలుచీరలు ముందేసుకుని ముక్కలు కత్తిరించేది. సాయంత్రానికి గది మూల పీలికల కుప్ప. ఇల్లంతా చెత్త చేస్తావేమిటని విసుక్కుంటూ ఆయన ఊడ్చి బుట్టలో పోసేవాడు. మర్నాడు ఆవిడ మళ్లీ కత్తిరించేది. ఎందుకని అడిగితే చెప్పేదేమో. అడిగితేగా!

తొట్టిలో ఆడచేప అడిగింది: "ఇది ఎన్నో గూడు?"

"పద్నాలుగోది" అంది మగచేప. "బుడగ మీద బుడగ పేర్చి కడతాను. తెల్లారగానే పైనుంచి జాలీ దిగుతుంది. కోపంగా వస్తే అర్థం చేసుకుందును. ఎంతో ప్రేమగా వస్తుంది, అదే నాకు అంతుబట్టదు."

"నా కడుపు గుడ్లతో నిండింది. ఇంక ఎన్నాళ్లో ఆగలేను. గూడు లేకపోతే ఇవన్నీ అడుక్కి రాలిపోతాయి."

మగచేప పదిహేనోది మొదలుపెట్టింది.

ఇరవై రోజులు చూసి ఆయన కొట్టుకు పోయి దెబ్బలాడాడు. "అసలది మగదేనా? మోసం చేశారు మీరు!"

"నీళ్ల మీద నురగ కట్టలేదా?"

"రోజూ కడుతోంది. రోజూ తీసి పారేస్తున్నాను."

కొట్టతను నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో మహానుభావా! రోజూ ఇల్లు కూలగొట్టి దాన్ని సంసారం చెయ్యమంటున్నారా?"

ఆయన ఇంటికి పరుగున వచ్చాడు. ఆలస్యమైపోయింది. ఆ రోజు నీళ్ల మీద ఒక్క బుడగ లేదు. మగచేప తోక ముడుచుకుని అడుగున పడి ఉంది. ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. "కట్టు నాయనా, ఇంక ముట్టుకోను, ఒట్టు" అని గాజుకు ముఖం ఆనించి బతిమాలాడు.

నురగ నిలవడానికి ఆసరాగా ఉంటుందని భార్య వీధిలోంచి ఎండిన బాదం ఆకు తెచ్చి, కడిగి, నీళ్ల మీద వదిలింది. తళతళలాడే తొట్టిలో ఎండుటాకు! ఆయన చెయ్యి దానిమీదికి పోబోయింది. రెండు చేతులూ తొడల కింద అణిచిపెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్క బుడగ ఊదు" అంది ఆడచేప.

"రేపటికి ఉండదు."

"రేపటి సంగతి నేనడిగానా? ఇవాళ ఊదు."

మగచేప పైకి తేలి, ఆకు కింద ఒకే ఒక్క బుడగ ఊదింది.

తెల్లారింది. జాలీ రాలేదు. బుడగ అక్కడే ఉంది. మగచేప నమ్మలేక దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. తర్వాత దాన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. మధ్యాహ్నానికి ఆకు కింద అరచేతి వెడల్పున నురగ. ఆయన సీసా వంచి ఆడచేపను వదిలాడు.

ఆడచేప పెట్టిన ప్రతి గుడ్డునూ మగచేప నోట కరుచుకుని గూట్లో దాచింది. పని అవ్వగానే ఆయన ఆడచేపను వేరే తొట్టిలోకి మార్చాడు. రెండు రోజులకు ఆ నురగకు తోకలు మొలిచాయి. జీలకర్ర గింజంత కూడా లేని పిల్లలు, వందకు తక్కువుండవు.

"ఒసేయ్, ఇటు రావే! పిల్లలు!"

ఆవిడ కత్తెర చేత్తోనే వచ్చి చూసి నవ్వింది. సంబరంలో ఆయన వెనక్కి అడుగేసేసరికి కాలికి పీలికలు తగిలాయి. అలవాటుగా చీపురు అందుకున్నాడు. అందుకుని ఆగాడు.

"ఇవన్నీ ఏమిటే?"

ఆయన అడగడం అదే మొదటిసారి.

"బొంత కుడదామని."

"మరి నేను రోజూ..."

"పారేస్తున్నారు."

"నోరు లేదా నీకు? చెప్పొచ్చుగా!"

"ఖాయమని తేలాక చెబుదామనుకున్నాను."

"బొంతకు ఖాయమేమిటి? ఎంత బొంత?"

ఆవిడ మోచేతి నుంచి వేలికొస దాకా చూపించింది.

"మూరెడా? మూరెడు బొంత మనిద్దరిలో ఎవరికి సరిపోతుందే?"

ఆవిడ తొట్టిలోని పిల్లల వంక చూసింది. కింద కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆయన కాసేపు ఆ దారం వంకే చూశాడు. చీపురు చేతిలోంచి జారిపోయింది. గబగబా గుమ్మం దాటి చెత్తబుట్ట ముందు మోకాళ్ల మీద కూలబడి, మోచేతుల దాకా చేతులు అందులో పెట్టాడు. నిన్నటి పీలికలు ఇంకా అందులోనే ఉన్నాయి.