తడి లేని మగ్గం గుంట

పరదేశయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరు ధర్మసందేహం అడిగినా కూర్చున్నచోట జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని, "పద, అది పుట్టిన చోటికి పోదాం" అంటారు. నీడపట్టున నాలుగు మంచిమాటలు విని ఇల్లు చేరదామని వచ్చినవాళ్ళకి ఇది ఇబ్బందే.

ఆ ఎండాకాలం ఆయన శిష్యురాలు తులశమ్మ ఇలా అడిగింది: "దయ తలిస్తే నేను పస్తుండాలి. న్యాయానికి పోతే వాళ్ళు వీధిన పడతారు. ఏం చెయ్యమంటారు స్వామీ?"

వాళ్ళంటే ఆమె వెనకవాటాలో అద్దెకున్న నేతపనివాడు బసవయ్య, అతని భార్య కోటేశ్వరి. మొగుడు పోయాక తులశమ్మకి కూడైనా గుడ్డైనా ఆ వాటా మీద వచ్చే అద్దే. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచి అదీ లేదు. ఖాళీ చెయ్యమని చెప్పి, వాళ్ళు నూతికి వచ్చే తలుపుకి ఇవతల నుంచి గడియ పెట్టేసింది. కానీ నేతకి ఎక్కించిన నిలువుపోగులు, అదే పడుగు, మగ్గం మీద ఉండగా నేతవాణ్ణి గడప దాటించకూడదని ఆ పేట కట్టుబాటు. "ఈ పడుగు దిగనివ్వండి పిన్నిగారూ. కూలి రాగానే మీ బాకీ తీర్చేసి వెళ్ళిపోతాం" అన్నాడు బసవయ్య. ఆ పడుగు ఎంతకీ దిగదు. గోడకి ఇవతల కూర్చుంటే మగ్గం కాసేపు ఆడటం, ఆగడం, మళ్ళీ ఆడటం వినబడుతూనే ఉంటుంది. కావాలనే సాగదీస్తున్నాడని ఆమెకి ఒళ్ళుమండిపోయేది. మెట్టపొలాల ఊరి నుంచి ఈ పేటకి కోడలిగా వచ్చిన మనిషి. మగ్గం చప్పుడు తెలుసుగానీ మగ్గం తెలీదు.

గురువుగారూ తులశమ్మా వెళ్ళేసరికి బసవయ్య మగ్గం కింది గుంటలో కాళ్ళుపెట్టి నేస్తున్నాడు. పోగుని దగ్గరికి కొట్టే పలక నాలుగుసార్లు లాగాడో లేదో, ఆపి పడుగు మీదికి వంగాడు.

"చూశారా స్వామీ, మనం రాగానే ఆపేశాడు! చీర నేస్తున్నావటయ్యా, జీడిపాకం లాగుతున్నావా?"

బసవయ్య తలెత్తలేదు. తెగిన పోగు కొసలు వెతుక్కుంటున్నాడు.

పరదేశయ్యగారు గుంట పక్కన చతికిలబడి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు.

కోటేశ్వరి మొగుడి వంక చూసింది. "కొళాయి సాయంత్రం గానీ రాదు స్వామీ. ఉన్న చెంబుడూ ఇందాకే గుంటలో చల్లేశాం."

"తాగే నీళ్ళా?"

"పోగుకి తడి లేకపోతే నిలవదండి. ఈ వడగాలికి మరీను," అన్నాడు బసవయ్య ముడివేస్తూ. "మేం ఎలాగో ఓర్చుకుంటాం. అది ఓర్చుకోదు."

ముడివేసి పలక లాగాడు. ఇంకో పోగు తెగింది. ఇన్నాళ్ళూ గోడ అవతల మగ్గం ఎందుకాగేదో తులశమ్మకి అప్పుడు తెలిసింది. నూతి తలుపు మాట వాళ్ళెవరూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా ఆమె ప్రాణానికి హాయిగా ఉండేది.

ఇంటికి రాగానే గడియ తీసింది. కోటేశ్వరి ఏమీ జరగనట్టే వచ్చి నీళ్ళు తోడుకుంది. ఆ మర్నాటి నుంచి మగ్గం తెంపు లేకుండా ఆడింది. కోరుకున్న చప్పుడే అది. ఇప్పుడు పలక పడ్డ ప్రతిసారీ తులశమ్మకి గుండెలో కలుక్కుమంటోంది. పడుగు అయిపోతోంది. "ఉండండర్రా" అని చెప్పడానికి ఒకనాడు మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళింది. ఇల్లుగలామె, పొమ్మన్న నోటితోనే ఉండమనడం ఎలాగో తెలియక గ్లాసుతోనే తిరిగొచ్చింది.

పడుగు దిగింది. బసవయ్య షావుకారికి చీరలు అప్పజెప్పి, కూలి తెచ్చి, మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. కోటేశ్వరి గుంట పూడ్చి, అక్కడెప్పుడూ గొయ్యే లేనట్టు నున్నగా అలికింది. "ఎక్కడికర్రా?" అంటే, "పని దొరికిన చోటికి పిన్నిగారూ" అన్నాడు. మిగిలింది ఏమైనా ఉందా అని అడిగే ధైర్యం ఆమెకి లేకపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి తులశమ్మ గురువుగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఇలా అంది:

"ఉండమందామనే అనుకున్నాను స్వామీ. నోరు రాలేదు. బాకీ మాత్రం పైసాతో సహా తీరిపోయింది."

"అవునమ్మా," అన్నారు పరదేశయ్యగారు. "వాళ్ళది తీరింది."